రుస్తావి నుంచి వచ్చిన చానెల్

మా అక్క కూతురు జార్జియాలో ఎంబీబీఎస్ చదువుతోంది. తిబిలిసి మెడికల్ యూనివర్సిటీ ఉన్న వజా ప్షవేలా అవెన్యూలో సాయంత్రంపూట నడిస్తే తెలుగు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. 2025 సెప్టెంబరులో పిల్లని చూసొద్దామని వెళ్లాను. రెండో రోజు అదే రోడ్డు మీద ఒక భవనం చూపించి, "మామయ్యా, అదే రుస్తావి 2 టీవీ చానెల్. దాని గురించి మా బెబియాని అడుగు, తెల్లారేదాకా చెబుతుంది" అంది. బెబియా అంటే అమ్మమ్మ. ఇంటి ఓనరమ్మని పిల్లలంతా అలాగే పిలుస్తారు.

ఇరవై ఏళ్లు జిల్లా విలేకరిగా తిరిగినవాణ్ణి, అడక్కుండా ఎలా ఉంటాను?

ఆ రాత్రి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని అక్రోట్లు పగలగొడుతూ ఆవిడ చెప్పింది, మా పిల్ల తెలుగులోకి మార్చింది. తొంభైల్లో రాజధాని తిబిలిసిలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదట. వీళ్లాయన కారు బ్యాటరీ విప్పి మేడ మీదికి మోసుకొచ్చి, దానికి చిన్న టీవీ తగిలించేవాడట. వార్తల వేళకి పక్కింటివాళ్లూ వచ్చి కూర్చునేవారు.

అలా కూర్చుని చూసిన చానెల్ పుట్టింది 1994లో, రుస్తావి అనే ఉక్కు ఊళ్లో. ఎరోసి కిత్స్‌మరిష్విలి, మరో ఇద్దరు కలిసి పెట్టారు. 1996లో లైసెన్సు రద్దయింది. మరుసటి ఏడాది కోర్టుకెళ్లి తిరిగి తెచ్చుకున్నారు. అవినీతి మీద వాళ్లు కథనాలు వేస్తుంటే అప్పటి అధ్యక్షుడు షెవర్డ్‌నాద్జె ప్రభుత్వానికి కంటగింపైంది.

2001 జులై 26న ఆ చానెల్ రాత్రి వార్తలు చదివే గియోర్గి సనయాని అతని ఇంట్లోనే కాల్చి చంపారు. ఇరవయ్యారేళ్లవాడు. ఈ మాట దగ్గర బెబియా చేతిలో అక్రోటు అలాగే ఉండిపోయింది. "మా అబ్బాయి వయసే" అంది.

అదే ఏడాది అక్టోబరు 30న పన్నుల లెక్కలు చూడాలంటూ భద్రతా శాఖ మనుషులు ఆఫీసుకొచ్చారు. చానెల్ వాళ్లు దాన్నే లైవ్‌లో చూపించారు. జనం వీధుల్లోకొచ్చారు. ముందు చానెల్ దగ్గరికి, తరవాత రుస్తవేలి అవెన్యూలోని పార్లమెంటు ముందుకి, వేలమంది. విద్యార్థులే ఎక్కువ. బెబియా కూడా కోటు వేసుకుని నడుచుకుంటూ వెళ్లిందట. నవంబరు 1న షెవర్డ్‌నాద్జె మంత్రివర్గాన్ని మొత్తం తప్పించాల్సి వచ్చింది. ఆ మాట విన్నప్పుడు నాకు 2014 గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో రెండు వార్తా చానెళ్లు నెలల తరబడి కేబుల్లో రాలేదు. వాటి కోసం జనం ఇలా వీధుల్లోకి రాలేదు. వార్తలు మన ఇంటివన్న నమ్మకం ఉంటేనే మనిషి కోటు తొడుక్కుని బయటికొస్తాడు.

2003 నవంబరు 2 ఎన్నికల రాత్రి రుస్తావి 2 చూపించిన ఎగ్జిట్ పోల్ ఒకటి, ఎన్నికల సంఘం చెప్పిన లెక్క ఇంకొకటి. మూడు వారాలు జనం రోడ్ల మీదే ఉన్నారు. 22న ప్రతిపక్ష నాయకుడు సాకాష్విలి గులాబీలతో పార్లమెంటులోకి నడిచాడు, 23న షెవర్డ్‌నాద్జె దిగిపోయాడు.

మర్నాడు మార్షుత్కా అనే మినీబస్సు ఎక్కి రుస్తావి వెళ్లాం. ఇరవై అయిదు కిలోమీటర్లు. రు అంటే కాలువ, తావి అంటే తల. మధ్యలో మ్త్‌క్వరి నది, అవతల కొత్త ఊరు, ఇవతల పాత ఊరు. పాత ఊళ్లో రెండో ప్రపంచయుద్ధంలో చిక్కిన జర్మన్ ఖైదీలు కట్టిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. బాల్కనీలకి సున్నం పెచ్చులు ఊడుతున్నా కమానులు గట్టిగానే ఉన్నాయి. దుకాణాల బోర్డుల మీది గుండ్రటి అక్షరాలు, చదవడం రాకపోయినా, మన లిపికి చుట్టాల్లా అనిపించాయి. ఫర్నేసుల ఊరు కాబట్టి అక్కడి చానెల్ కూడా కాగి గట్టిపడిందేమో అనుకున్నాను.

గులాబీల తరవాత కథ అంత తేలిక కాదు. చానెల్ కొత్త పాలకులకి దగ్గరైంది, పదిహేనేళ్లలో ఎన్నో చేతులు మారింది. సాకాష్విలి అధ్యక్షుడిగా ఉన్న కాలంలో బలవంతంగా లాక్కున్నారని పాత యజమాని కిబర్ ఖల్వాషి కోర్టుకెక్కాడు. 2019 జులై 18న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పుతో చానెల్ ఆయనకి దక్కింది. డైరెక్టర్ నికా గ్వరామియా బయటికెళ్లి సెప్టెంబరులో మ్తవారి చానెల్ పెట్టాడు, పాత విలేకరులు చాలామంది అక్కడ చేరారు. ఆయన్ని 2022లో జైల్లో పెట్టారు, 2023లో అధ్యక్షురాలు క్షమాభిక్ష ఇచ్చింది. మ్తవారి ప్రసారాలు 2025 మే 1న ఆగిపోయాయి.

నేను బయల్దేరే ముందు రాత్రి బెబియా రిమోట్ తీసుకుని మ్తవారి నంబరు నొక్కింది. తెర నల్లగా ఉంది. ఇంకొకటి నొక్కబోయి ఆగి, మా పిల్ల వైపు తిరిగి ఏదో అడిగింది.

"రేపు పొద్దున్న ఎన్నింటికి లేపమంటావని అడుగుతోంది మామయ్యా."