సూది పోటంత గాయం

ఒడిశా గుణుపురంలో మా ఇంటి అరుగు మీదే నా కుట్టుమిషన్. దాని కింద బట్టముక్కల్లో మా పిల్లి బుజ్జి పడుకుంటుంది. పోయిన వానల్లో అమ్మ చేపలు కడుగుతుంటే ఒకటి ఎత్తుకుపోబోయింది. అమ్మ దాని మెడ పట్టుకుని లాగింది. అది అమ్మ బొటనవేలి మొదట్లో కసుక్కున కొరికింది. రెండే రెండు చుక్కలు, రక్తం కూడా సరిగ్గా రాలేదు. అమ్మ పసుపు అద్ది పులుసు పెట్టేసింది.

అర్ధరాత్రికి మూలుగు. తెల్లారేసరికి చెయ్యి బూరెలా పొంగి మణికట్టు దాకా ఎరుపెక్కింది. అమ్మకి షుగరు కూడాను.

దగ్గర్లో చూపిస్తే రేబిస్ సూది వేసి, మిగతా తేదీలు చీటీ మీద రాసిచ్చి పంపేశారు. ఆ సూది తప్పదు, కాదన్ను. కానీ అది చీముని ఆపదు కదా! జంతువు కరిచిందంటే మనందరి బుర్రలో ఆ ఒక్క జబ్బే. నాకూ అంతే. మందుల షాపులో అడిగి సెఫలెక్సిన్ అనే యాంటీబయాటిక్ బిళ్ళలు తెచ్చి వేశాను, ఏదో పెద్ద తెలిసినట్టు.

మర్నాటికి వేలు వంగలేదు. బరంపురం పరిగెత్తాం. అక్కడ కోసి చీము తీశారు. పరీక్షలో తేలిన క్రిమి పాశ్చురెల్లా. లూయీ పాశ్చర్ పేరు మీదే పెట్టారట. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నోట్లోనూ ఉంటుంది, దానికి ఏమీ కాదు. నేను వేసిన బిళ్ళలు దీని మీద సరిగ్గా పనిచెయ్యవట, అమాక్సిసిలిన్‌-క్లావులనేట్ పనిచేస్తుందట.

డాక్టరు చెప్పింది నాకు కుట్టుపని భాషలోనే అర్థమైంది. కుక్క చింపుతుంది, పిల్లి కుడుతుంది. దాని కోర సూదిలా లోపలికి దిగి, వేలిని వంచే తాడులాంటి స్నాయువు చుట్టూ ఉన్న ఒరలో క్రిమిని వదిలి వచ్చేస్తుంది. పైన చిల్లు పూడుకుపోతుంది. అసలు కరిచిన వెంటనే పావుగంట సబ్బునీళ్ళతో కడిగి, అదే రోజు చూపించాల్సింది.

జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఒకమ్మాయికి సికిల్ సెల్ ఉంది, ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టుజబ్బు. మా కొండ ఊళ్ళలో అది ఎక్కువే. ఆ జబ్బులో, రక్తంలోని క్రిముల్ని వడకట్టే ప్లీహం దెబ్బతింటుంది. అలాంటివాళ్ళకి కుక్క నోట్లోని కాప్నోసైటోఫాగా అనే క్రిమి రక్తంలో చేరితే ప్రాణం మీదకొస్తుంది. పుండుని నాకినా చేరొచ్చు. వాళ్ళింట్లో కొత్తగా కుక్కపిల్ల. కొలతలు తీసుకుంటూ చెప్పేశాను. "అయ్యో అక్కా, అది పక్కలోనే పడుకుంటుంది" అంది.

అమ్మ వేలు ఇంకా పూర్తిగా ముడవలేదు. చేపలు తెచ్చిన రోజున మాత్రం బుజ్జిని గదిలో పెట్టి గొళ్ళెం వేస్తోంది. అది లోపల్నించి తలుపు గీకుతూనే ఉంటుంది.