మూలుగ మార్పిడి కాదు, గుర్రపు మందు: నా అనుభవం

నాకు వచ్చింది ఎప్లాస్టిక్ అనీమియా, అంటే ఎముకల్లోని మూలుగ రక్తకణాలను తయారుచేయలేకపోయే జబ్బు. అందరూ నన్ను అడిగేది ఒకటే. సొంత తమ్ముడున్నాడు, చెల్లెలుంది, మూలుగ మార్పిడి చేయించుకుంటే ఒక్కసారితో పోయేది కదా, ఇన్ని నెలలు మాత్రలు మింగడమెందుకని. మా నకిరేకల్‌లో మందుల షాపు ముందు నిలబడ్డా ఇదే ప్రశ్న. రోడ్డు మీద నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

నాకప్పుడు నలభై నాలుగేళ్లు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. ముందు ఆయాసం మొదలైంది. తర్వాత కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, దురద లేదు. కత్తెర పట్టే వేళ్ల దగ్గర చర్మం కమిలి నల్లబడేది. నెలసరి వస్తే ఆగేది కాదు. దగ్గర్లోని డాక్టరు రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చి, బలానికని నడుముకు ఇంజెక్షన్ వేశాడు. వేసిన చోట అరచేయంత నల్లటి గడ్డ కట్టింది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషికి కండకు సూది వేయకూడదనీ, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఇవ్వకూడదనీ తర్వాత తెలిసింది.

నల్లగొండలో సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 5.2, తెల్లకణాలు 1,400, ప్లేట్‌లెట్లు 8,000. ల్యాబ్ అబ్బాయి మెషిన్ తప్పు చూపించిందేమోనని మళ్లీ రక్తం తీశాడు. మళ్లీ అవే అంకెలు. "అక్కా, ఇయ్యాలనే హైదరాబాద్ పోండ్రి" అన్నాడు. రిపోర్టు కాగితం ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

హైదరాబాద్‌లో తుంటి ఎముక నుంచి మూలుగ తీశారు. మత్తు సూది వేస్తారు కానీ, సిరంజితో లాగేటప్పుడు మాత్రం లోపల్నుంచి ప్రాణం గుంజినట్టే ఉంటుంది. ఆ నొప్పి కొన్ని క్షణాలే. ఎముకలో కణాలు పది శాతం కూడా లేవు, మిగతాదంతా కొవ్వే అని రిపోర్టు. మూలుగలో కణాలు పాతిక శాతం లోపు ఉండి, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 కన్నా, ప్లేట్‌లెట్లు 20,000 కన్నా తక్కువుంటే సివియర్ అంటారట. నా న్యూట్రోఫిల్స్ 350. బీ12 లోపం కాదని, పీఎన్‌హెచ్ అనే ఇంకో జబ్బు లేదని కూడా పరీక్షలు చేశాకే ఎప్లాస్టిక్ అనీమియా అని తేల్చారు.

మా ఆయనకు బత్తాయి తోటలో మందు కొట్టడం వల్లే వచ్చిందా అని భయం. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. బెంజీన్ లాంటి రసాయనాలు, కొన్ని పురుగుమందులు, క్లోరాంఫెనికాల్ లాంటి మందుల మీద అనుమానాలున్నాయి గానీ, ఎక్కువమందిలో కారణం దొరకదు. జరిగేది మాత్రం ఒకటే, కంచే చేను మేసినట్టు ఒంటిని కాపాడాల్సిన లింఫోసైట్లు అనే తెల్లకణాలే మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలను చంపేస్తాయి. కాబట్టి దారులు రెండు. వేరేవాళ్ల మూలుగ తెచ్చి పెట్టడం, లేదా ఆ లింఫోసైట్లను అణచి సొంత మూలుగను కోలుకోనివ్వడం.

ఆ మాట వినగానే తమ్ముడు చొక్కా చేయి పైకి మడిచి రక్తం ఇస్తానని నిలబడ్డాడు. నువ్వు మాత్రం ఇవ్వొద్దన్నారు. రేపు మార్పిడి చేయాల్సి వస్తే, రక్తసంబంధీకుల రక్తం ముందే ఎక్కించి ఉంటే ఒళ్లు వాళ్ల మూలుగను తిరస్కరించే ప్రమాదం పెరుగుతుందట. అందుకే నాకు ఎక్కించిందంతా బయటివాళ్ల రక్తమే, అదీ ఫిల్టర్ చేసి, రేడియేషన్ పెట్టింది. వాడికి మాత్రం చాలా రోజులు చిన్నతనంగానే ఉంది.

తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం నాలుగింట ఒక వంతే. తమ్ముడిది సగం కలిసింది, చెల్లెలిది అసలు కలవలేదు. కలిసి ఉన్నా నలభై దాటినవాళ్లకు సాధారణంగా మందులే ముందు ఆలోచిస్తారని చెప్పారు. వయసు పెరిగేకొద్దీ, పెట్టిన మూలుగ మన ఒంటి మీదే తిరగబడే జీవీహెచ్‌డీ ముప్పు పెరుగుతుంది. "సగం మ్యాచ్ ఎక్కడికీ పోదమ్మా. మందుకు లొంగకపోతే అప్పుడు చూద్దాం" అంది డాక్టరమ్మ. మందుల షాపు ముందు అడిగేవాళ్లకు నా జవాబు ఇదే.

మార్పిడి ఎలాంటివాళ్లకు చేస్తారో కూడా అక్కడే చూశాను. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్లాడికి అక్కతో పూర్తిగా కలిసింది. ఆ అక్క భయమంతా చుట్టాల మాటలతో వచ్చిందే. వెన్నుపూసలోంచి తీస్తారనీ, రేపు పెళ్లయితే పిల్లలు పుట్టరనీ. తీసేది తుంటి ఎముక నుంచి, మత్తిచ్చి. తీసిన మూలుగ కొన్ని వారాల్లో మళ్లీ ఊరుతుంది. మర్నాడు ఆ అమ్మాయి నడుము పట్టుకుని మెల్లగా నడుస్తూ క్యాంటీన్‌లో ఇడ్లీ తినడం నేనే చూశాను. వాళ్లమ్మ ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోవాలనుకుని వచ్చిందట. తీరా చూస్తే పిల్లాడికి మూలుగ ఎక్కించడమూ రక్తం ఎక్కించినట్టే, స్టాండుకు తగిలించిన ఎర్రటి సంచీ. అసలు కష్టం అంతకుముందు ఇచ్చిన సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందుతో, ఆ తర్వాత కణాలు మొలకెత్తేదాకా అద్దాల గదిలో ఒంటరిగా ఉండటంతో.

ఇక నా సంగతి. ఆ లింఫోసైట్లను అణచడానికి నాకిచ్చింది ఏటీజీ. అంటే మనిషి థైమస్ గ్రంథి కణాలను గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో తయారైన యాంటీబాడీలను తీసి చేసిన మందు. మా అత్తమ్మ విని "గుర్రం రక్తం ఎక్కిస్తరా బిడ్డా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కుందేలుతో చేసిందీ ఉంది. 2011లో అచ్చైన అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ చేసిన పరిశోధనలో ఆరు నెలలకు గుర్రపు మందుతో 68 శాతం మందికి, కుందేలు మందుతో 37 శాతం మందికి గుణం కనిపించిందట. అందుకే గుర్రానిదే రాశారు. ఈ మందు సంగతి బయటపడిన తీరూ వింతే. ఫ్రాన్స్‌లో జార్జ్ మాథే అనే డాక్టరు 1970 ప్రాంతంలో మార్పిడికి ముందు ఇలాంటి సీరం ఇచ్చి చూస్తే, పెట్టిన మూలుగ నిలవకపోయినా కొందరికి సొంత మూలుగే కోలుకుంది.

కిలోకు 40 మిల్లీగ్రాములు, నాలుగు రోజులు. నా బరువు 50 కిలోలు, అంటే 250 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు ఎనిమిది. మా ఆయన ఐస్ డబ్బాలో తెచ్చి సిస్టర్‌కు లెక్కబెట్టి అప్పజెప్పేవాడు. డబ్బు కోసం ఇంటి స్థలం తాకట్టు పెట్టాం, ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ ఒరిజినల్‌తో సీఎం రిలీఫ్ ఫండ్‌కు పెట్టుకున్నాం. ముందు చర్మానికి చిన్న సూదితో పరీక్ష చేసి, మెడ దగ్గర పెట్టిన లైన్ ద్వారా గంటల తరబడి మెల్లగా ఎక్కించారు. మొదటి రోజు వణుకు, దుప్పట్లు రెండు కప్పినా ఆగని చలి, 103 జ్వరం. మూడో రోజుకు ఒళ్లు అలవాటుపడింది. రెండో వారంలో కీళ్లనొప్పులు, చేతుల అంచున ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. సీరమ్ సిక్‌నెస్ అన్నారు, అంటే గుర్రపు మందుకు ఒళ్లు ఎదురుతిరగడం. స్టెరాయిడ్‌తో తగ్గింది.

ఇంత చేసి ఇంటికొచ్చాక ఏమీ జరగదు! ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది ఈ ముక్క. మూడు నెలల లోపు ఆశ పెట్టుకోవద్దు, ఆరు నెలల దాకా చూడాలి. అప్పటిదాకా రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ మనిషిని నిలబెట్టుకోవడమే వైద్యం. ప్లేట్‌లెట్ల సంచీ ఐదు రోజులకు మించి నిలవ ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, కాబట్టి ముందే కొని దాచుకోలేం. ఎస్‌డీపీ, అంటే ఒక్కరి నుంచే మెషిన్‌తో తీసే ప్లేట్‌లెట్లు, ఇచ్చే మనిషి మెషిన్ దగ్గర గంటకు పైగా పడుకోవాలి. మా తమ్ముడి దోస్తులు చిట్యాల నుంచి, చౌటుప్పల్ నుంచి బండ్ల మీద వచ్చి ఇచ్చారు. వాడు తన రక్తం ఇవ్వలేని బాధ అట్లా తీర్చుకున్నాడు. ఫోన్‌లో ఎవరి గ్రూపు ఏంటో, ఎవరు ఎప్పుడిచ్చారో రాసి పెట్టేవాడు.

నెలసరి ఆపడానికి మాత్రలిచ్చారు. ఈ విషయం ఆడవాళ్లు సిగ్గుపడకుండా డాక్టర్‌ను అడగాలి, ప్లేట్‌లెట్లు అంత తక్కువున్నప్పుడు అదే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవడం లేదు, రాత్రయినా సరే ఆసుపత్రికే. అట్లా ఒకసారి అర్ధరాత్రి కారు మాట్లాడుకుని పోయి, యాంటీబయాటిక్స్ ఎక్కించుకుని వచ్చాం. బత్తాయి తోట పెట్టుకుని బయట జ్యూస్ తాగకూడదు, ఇంట్లో కడిగి ఒలుచుకుని తినాలి. పంపరపనస మాత్రం ముట్టొద్దన్నారు, లింఫోసైట్లను అణచడానికి రోజూ మింగే సైక్లోస్పోరిన్ రక్తంలో పెరిగిపోతుందని.

ఆ సైక్లోస్పోరిన్‌దే పెద్ద కథ. పన్నెండు గంటలకోసారి. రక్తంలో దాని లెవల్ చూడాలంటే పొద్దున మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి. అందుకని మాత్ర సంచీలో పెట్టుకుని, తెల్లారకముందే బస్సెక్కి, ల్యాబ్‌లో రక్తం ఇచ్చి అక్కడే కుళాయి దగ్గర వేసుకునేదాన్ని. చిగుళ్లు ఉబ్బాయి, పై పెదవి మీద వెంట్రుకలొచ్చాయి. జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ల చూపు అక్కడే ఆగేది. బీపీ, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ చూస్తూ డోసు సర్దేవారు. దీనికి తోడు మూలుగలో కణాలు పెరగడానికి ఎల్ట్రాంబోపాగ్ అనే మాత్ర, దానికి పాలు పెరుగు దరిదాపుల్లో ఉండకూడదు. తెల్లవారుజామున వేసుకుని రెండు గంటలదాకా టీ కూడా లేకుండా కూర్చోవడం, జబ్బుకన్నా అదే ఎక్కువ విసుగు నాకు.

నాలుగో నెలలో రక్తం ఎక్కించుకునే ఎడం పెరిగింది. వారానికోసారి పడిపోయే ప్లేట్‌లెట్లు ఎక్కించకుండానే 18,000 దగ్గర ఆగాయి. డాక్టరమ్మ రిపోర్టులో రెటిక్యులోసైట్ల, అంటే కొత్తగా పుట్టిన ఎర్రకణాల అంకె చుట్టూ పెన్నుతో గీత గీసి మా ఆయనకు చూపించింది. ఆయనకేం అర్థం కాలేదు, కానీ ఆమె నవ్వింది కాబట్టి ఆయనా నవ్వాడు.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 10.4, ప్లేట్‌లెట్లు 62,000. రక్తం ఎక్కించే పని లేదు. పూర్తిగా నార్మల్ కాదు, పార్షియల్ రెస్పాన్స్ అంటారు, ఇంతే ఉన్నా బతుకు నడుస్తుందన్నారు. అచ్చంపేట పిల్లాడు బడికి పోతున్నాడు, చిన్నప్పటి టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయిస్తున్నారట. నాకు సైక్లోస్పోరిన్ తగ్గించడం మొదలైంది, 25 మిల్లీగ్రాముల చొప్పున. తొందరగా ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంది కాబట్టి తగ్గించిన ప్రతిసారీ సీబీపీ చేయించాలి. అది నల్లగొండలోనే చేయిస్తున్నాను, ఆ ల్యాబ్ అబ్బాయి దగ్గరే.