బరాబూలో ఏనుగుల ఇల్లు

చికాగో నుంచి వాయవ్యంగా మూడు గంటలకు పైగా కారులో వెళితే విస్కాన్సిన్ రాష్ట్రంలో బరాబూ అనే చిన్న ఊరు వస్తుంది. రింగ్లింగ్ సోదరుల సర్కస్ 1884 మే 19న తొలి ప్రదర్శన ఇచ్చింది ఈ ఊళ్లోనే. 1918 వరకు ఏటా చలికాలానికి ఆ సర్కస్ మనుషులూ జంతువులూ తిరిగివచ్చి మకాం వేసిందీ ఇక్కడే. వేసవికి విజయనగరం నుంచి మా అత్తగారు, మామగారు మా దగ్గరకు వచ్చినప్పుడు, ఎత్తైన భవనాలు చూసి విసిగిపోయిన ఆయనకు ఈ ఊరి సంగతి చెప్పాను. సర్కస్ అనేసరికి మామగారు మరునాడే బయలుదేరుదామన్నారు.

దారిలో డెలవాన్ అనే మరో సర్కస్ ఊరిలో ఆగాము. సర్కస్ నడిపే మేబీ సోదరులు 1847లో తమ గుర్రాలకు మంచి మేత, నీరు దొరుకుతాయని ఇక్కడ స్థిరపడ్డారు. ఆ తరువాత అర్ధ శతాబ్ది పాటు ఇరవైకి పైగా సర్కస్ కంపెనీలు ఈ ఊరిని శీతకాలపు విడిదిగా చేసుకున్నాయి. ఊరి మధ్య పార్కులో ముందుకాళ్లు పైకెత్తి నిలబడిన ఏనుగు బొమ్మ ఉంది. అది మేబీ సర్కస్‌లోని రోమియో అనే మగ ఏనుగుది. తనను సాకిన మావటీలలో కొందరిని అది చంపేసింది. మదం ఎక్కినప్పుడు మగ ఏనుగును ఏ గొలుసూ ఆపలేదన్న సంగతి మనకు కొత్త కాదు. అమెరికా సర్కస్‌లు కూడా అనుభవం మీద ఆ పాఠం నేర్చుకుని ఎక్కువగా ఆడ ఏనుగులనే పెట్టుకున్నాయి. మనుషులను చంపిన ఏనుగుకు బొమ్మ కట్టిన ఊరు, దాని చేతిలో చనిపోయినవారి పేర్లను మాత్రం ఆ పార్కులో నాకు కనబడేలా ఎక్కడా రాయలేదు.

బరాబూలో నది ఒడ్డున, వాటర్ స్ట్రీట్‌లో, రింగ్లింగ్ వారి పాత మకామే ఇప్పుడు సర్కస్ వరల్డ్ మ్యూజియం. 1959లో దీన్ని తెరిచారు. పూతపూసిన ఊరేగింపు బండ్లు ఇక్కడ రెండు వందలకు పైగా ఉన్నాయి. సింహాలు చెక్కి అద్దాలు పొదిగిన బ్యాండు బండి ముందు అందరూ ఫోటోలు దిగుతున్నారు, మేమూ దిగాము. అయితే నా చూపు నిలిచింది మాత్రం 1897లో ఏనుగుల కోసం కట్టిన ఇంటి మీద. చూడటానికి దానిలో విశేషమేమీ లేదు. కానీ అడవిలో పుట్టి వెచ్చని నేల మీద పెరిగే జంతువును, నది గడ్డకట్టే చోట నెలల తరబడి బతికించాలంటే ఎంత ఏర్పాటు కావాలో ఆ గోడల మధ్య నిలబడితే అర్థమవుతుంది. పెద్ద ఏనుగు రోజుకు నూరు కిలోలకు పైగా మేత మేస్తుంది. టికెట్ల ఆదాయం ఒక్క పైసా లేని చలికాలమంతా వాటిని మేపారంటే అది ప్రేమతోనే అనుకోలేం. వసంతం రాగానే వాటితో పని ఉంది.

ఆ పని ఏమిటో పోస్టర్లు చెప్పవు. 1890లో రింగ్లింగ్ వారు గుర్రపు బండ్లు వదిలి రైలెక్కారు. తెల్లవారుజామున రైలు కొత్త ఊరు చేరగానే డేరా లేపాలి, మధ్యాహ్నం ఒక ఆట, రాత్రి మరో ఆట వేయాలి, ఆ రాత్రే డేరా విప్పి మళ్లీ రైలెక్కించాలి. వాన పడి మైదానం బురదైతే, గుర్రాలు లాగలేని బండ్లను నుదుటితో తోసింది ఏనుగులే, డేరా స్తంభాలను తాళ్లతో లాగి నిలబెట్టిందీ అవే. అంత చాకిరీ చేసిన ఏనుగే మధ్యాహ్నం నుదుట మెరుపుల పట్టీ కట్టుకుని, ముందు ఏనుగు వీపు మీద కాళ్లు మోపి వరుసగా నిలబడి చప్పట్లు కొట్టించుకునేది. సర్కస్‌ను ఏనుగులు అలంకరించాయని అంటారు గానీ, అసలు అవే దాన్ని మోశాయని నాకనిపిస్తుంది.

మనుషులలోనూ తారలకు కొదవ లేదు. గుర్రపు జీనులు కుట్టే తండ్రికి పుట్టిన ఏడుగురు అన్నదమ్ములలో పెద్దవాడైన ఆల్ రింగ్లింగ్ మొదట్లో నాగలిని గడ్డం మీద నిలబెట్టి చూపేవాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మే వర్త్ పరుగెత్తే గుర్రం మీద వెనక్కి పిల్లిమొగ్గలు వేసేది. అందరికంటె మిన్న లిలియన్ లైట్జెల్. ఐదడుగులైనా లేని ఆమె పైనుంచి వేలాడే తాడును ఒంటి చేత్తో పట్టుకుని, భుజం కీలు ప్రతిసారీ తప్పి మళ్లీ కూర్చుంటుండగా, గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటే జనం గొంతెత్తి లెక్కపెట్టేవారట. ఒకసారి ఆ లెక్క 249 దాకా వెళ్లింది. రైలులో తనకంటూ ప్రత్యేకమైన పెట్టె సంపాదించుకున్న ఆమె, 1931 ఫిబ్రవరిలో కోపెన్‌హేగన్‌లో ఆట మధ్యలో పైనున్న లోహపు పరికరం విరగడంతో కిందపడి, రెండు రోజులకు మరణించింది.

ఏనుగులలో అంతటి పేరు జంబోకే దక్కింది. లండన్ జూ నుంచి అమెరికా సర్కస్ యజమాని బార్నమ్ 1882లో 10,000 డాలర్లకు కొన్న ఆ ఆఫ్రికా ఏనుగు, మూడేళ్లకే, 1885 సెప్టెంబరు 15న, కెనడాలోని సెయింట్ థామస్ స్టేషన్ దగ్గర గూడ్సు బండి ఢీకొని చనిపోయింది. బార్నమ్ దాని చర్మాన్ని ఒక బొమ్మగా, ఎముకల గూడును వేరొక వస్తువుగా ఊరూరా తిప్పి మళ్లీ డబ్బు చేసుకున్నాడు. ఒకే ఏనుగుకు రెండుసార్లు టికెట్టు పెట్టిన ఆ తెలివి తలచుకుంటే నవ్వు, అసహ్యం రెండూ కలుగుతాయి. 1907లో బార్నమ్ అండ్ బెయిలీ కంపెనీని రింగ్లింగ్ సోదరులే కొన్నారు.

ఈ సంగతులన్నీ బోర్డుల మీద చదివి వినిపిస్తుంటే మామగారు, "మా కోడి రామమూర్తిగారి ముందు ఇవేపాటి, అల్లుడుగారూ?" అన్నారు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సొంత సర్కస్ కంపెనీ పెట్టిన ఆ మహాబలుడు ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవాడు. గాలి బిగబట్టి ఉక్కు గొలుసు తెంచేవాడు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. మామగారి తండ్రి చెప్పిన కథలలో రామమూర్తి పేరు ఉన్నదే తప్ప ఆ ఏనుగు పేరు లేదట. ఛాతీ ఎంత గట్టిదైనా, అడుగు మోపవలసిన చోట మెల్లగా మోపిన ఏనుగు కూడా ఆ విద్యలో భాగస్వామి అని నేనంటే ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

ఒక చోట గాజు పలక వెనుక అంకుశం కనబడింది. మన దేవాలయాల ఏనుగుల మావటి చేతిలో ఉండేదానికీ దీనికీ తేడా లేదు. ఏనుగు తల కిందుగా నిలబడటం ముచ్చటగానే ఉంటుంది గానీ, దానికి ఆ విద్య వచ్చిన దారి ఈ పనిముట్టు మొన దగ్గర మొదలవుతుంది. రింగ్లింగ్ కంపెనీ 2016 మేలో ఏనుగుల ఆటలు మానింది. మరుసటి ఏడు కంపెనీయే మూతపడి, 2023లో జంతువులు లేకుండా మళ్లీ తెరుచుకుంది. మన దేశంలో 1998 నాటి ప్రభుత్వ ఉత్తర్వు పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులను సర్కస్ నుంచి తప్పించినా, ఏనుగులు ఇంకా చాలా ఏళ్లు డేరాలలోనే ఉండిపోయాయి.

మధ్యాహ్నం డేరాలో ఆట చూశాము. తాడు మీది అమ్మాయికి మామగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కానీ బయటికి వచ్చాక, ఏనుగు లేని సర్కస్ ఉప్పు లేని పప్పన్నారు. రామమూర్తిగారు కూడా ఏనుగు లేకుండానే గొలుసు తెంచారు కదా అన్నాను. గొలుసు వేరు, ఏనుగు వేరు అని ఆయన, వేరు కాదని నేను వాదించుకుంటూ ఉండగానే తిరుగుదారిలోని మాడిసన్ నగరం వచ్చేసింది. వెనక సీటులోని అత్తగారు పులిహోర డబ్బా తెరిచి, కారు ఎక్కడైనా నీడన ఆపమన్నారు.