కుదువ కౌంటరు నుంచి చూసిన కువైట్

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరింది 1986లో. తొలి పోస్టింగు పీలేరు దగ్గరి ఒక పల్లె శాఖలో పడింది. అప్పటికి పీలేరు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు అన్నమయ్య జిల్లాలో కలిసింది. ఆ శాఖలో ఒక కౌంటరు దగ్గర వీసా ఖర్చుకు నగలు కుదువపెట్టేవాళ్లు నిలబడేవారు, పక్క కౌంటరు దగ్గర కువైట్ నుంచి వచ్చిన డ్రాఫ్టులు మార్చుకొనేవాళ్లు నిలబడేవారు. ఆ రెండు వరుసల్లోనూ తరచుగా అవే కుటుంబాలు, రెండు మూడేళ్ల తేడాతో, కనిపించేవి. ఉద్యోగ విరమణ చేసి తిరుపతిలో స్థిరపడిన తరువాత, మనుషులు వలసపోయిన దేశానికి చివరికి మిగిలేదేమిటి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఆ రెండు వరుసలే గుర్తుకొస్తాయి.

విదేశాల్లోని తమవారి నుంచి అత్యధికంగా సొమ్ము అందుకొంటున్న దేశం మనదే. రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం 2023-24లో వచ్చినది దాదాపు 11,870 కోట్ల డాలర్లు. అందులో ఆరు గల్ఫ్ దేశాల వాటా సుమారు 38 శాతం. 2016-17లో అది 47 శాతం దాకా ఉండేది. రాష్ట్రాలవారీగా చూస్తే కేరళకు 19.7 శాతం, మన ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం. ఈ అంకెలు దేశపు ఖజానాకు ఎంత ఊతమో చెబుతాయి గాని, ఆ సొమ్ము ఇంటి గడప దాటిన తరువాత ఏమైందో చెప్పవు.

ఆ ఊతం ఎంత పెద్దదో, ఎంత సులువుగా జారిపోగలదో నేను 1990లో చూశాను. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. ఆ నెలంతా మా శాఖకు ఆడవాళ్లు వచ్చి, డ్రాఫ్టు వచ్చిందా అని కాదు, మనిషి సంగతి ఏమైనా తెలిసిందా అని అడిగేవారు. బ్యాంకుకు తెలుస్తుందని వారి నమ్మకం. లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయులను ప్రధానంగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తరలించారు. అలా తిరిగివచ్చినవారిలో కొందరు కువైట్ దినారు నోట్లు పట్టుకొని వస్తే, మా చిన్న శాఖలో వాటిని మార్చే వీలు లేక వెనక్కి పంపవలసి వచ్చింది. ఆ యుద్ధంతో చమురు ధర పెరగడం, గల్ఫ్ సొమ్ము తగ్గడం, అప్పటికే అప్పుల్లో ఉన్న దేశాన్ని విదేశీ మారకద్రవ్య సంక్షోభంలోకి నెట్టిన కారణాలలో చేరాయి. 1991 జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి తాకట్టు పెట్టింది. పల్లె ఆడవాళ్ల నగలకు రశీదులు రాసిన చేతులతోనే ఆ వార్త చదివాను.

ఇక గడప దాటిన సొమ్ము సంగతి. అది వెళ్లే దారిని నేను కళ్లు మూసుకొని చెప్పగలను. మొదట వీసాకు చేసిన అప్పు తీరుతుంది, తరువాత కుదువ నగలు విడుదలవుతాయి, ఆ తరువాత ఊళ్లో మిద్దె లేస్తుంది, ఆడబిడ్డ పెళ్లి జరుగుతుంది, ఇంకా మిగిలితే చంద్రగిరి వైపో రేణిగుంట వైపో ఇంటి స్థలం కొంటారు. వ్యవసాయంలో పెట్టినవారు లేకపోలేదు. అయితే వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని బోర్లు, వాన మీద ఆధారపడే వేరుశనగ, రోడ్డు మీద పారబోసే ధరకు పడిపోయే టమాటా ఉన్న చోట, పదేళ్ల ఎండను డబ్బుగా మార్చుకొని వచ్చిన మనిషి ఆ డబ్బును మళ్లీ నేలలో పోయడానికి వెనకాడితే నేను తప్పుపట్టను. స్థలం ధర పడదని అతడి లెక్క. ఆ లెక్క నిజమే కావడంతో, గల్ఫ్‌కు పోనివాడు తన సొంత ఊరి పక్కనే సెంటు స్థలం కొనలేని స్థితి వచ్చింది. కాబట్టి అతడూ పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తాడు.

కూలీలు దొరకడం లేదని రైతులు వాపోవడం వింటూనే ఉంటాము. దీన్ని నష్టాల ఖాతాలో రాయడానికి నా మనసు ఒప్పదు. సెంటు భూమి లేని దళిత, ముస్లిం కుటుంబాలు కువైట్ డబ్బుతోనే మొదటిసారి మిద్దె కట్టుకొన్నాయి, ఊళ్లో మిగిలినవారికి కూలి రేటు గురించి మాట్లాడే ధైర్యం వచ్చింది. ఆ మిద్దెలు కట్టడానికి ఇప్పుడు ఒడిశా, బీహార్ నుంచి మనుషులు వస్తున్నారు. వారి ఊళ్లలో ఇదే వాపోత మరెవరిదో.

నష్టమని నేను రాసేది రెండింటిని. మొదటిది తల్లుల వలస. ఖద్దామా వీసా మీద ఇంటిపనికి పోయిన స్త్రీ అక్కడి యజమానులను ‘బాబా’, ‘మామా’ అని పిలుస్తూ వారి పిల్లలను పెంచుతుంది. ఇక్కడ ఆమె బిడ్డలను అవ్వ పెంచుతుంది. పదో తరగతి పాస్ కాని స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలని, 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమాలున్నాయి. దళారులు విజిట్ వీసాతో ఆ నియమాలను దాటిస్తారు; యజమాని వేధింపు భరించలేక బయటికొచ్చి, అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి పత్రం) లేక ‘ఖల్లివల్లి’గా, అంటే కాగితాలు లేని మనిషిగా, మిగిలినవారికి అసలు నియమాల రక్షణే ఉండదు.

రెండవది అంతగా కంటికి కనిపించదు. డబ్బు వచ్చే ఇల్లు సర్కారు బడిని వదిలి ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తుంది, జబ్బు చేస్తే ఆరోగ్య కేంద్రాన్ని దాటుకొని తిరుపతిలోని ప్రైవేటు ఆసుపత్రికి వస్తుంది, చెరువు పూడిపోతే బోరు వేస్తుంది. బడి బాగులేదని, చెరువు పూడిక తీయమని నిలదీయగల వయసు మనిషి ఊళ్లో లేడు. 2010 సవరణతో ప్రవాస భారతీయులకు ఓటరుగా నమోదయ్యే హక్కు వచ్చినా, ఓటు వేయాలంటే స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి. రెండేళ్లకొకసారి సెలవు దొరికేవాడు ఎన్నికల తేదీ చూసుకొని రాలేడు. ఏలికలకు ఇంతకంటే సుఖం ఏముంది? అడిగేవాడు దూరంగా ఉన్నాడు, అతడు పంపిన డబ్బు లోటును కప్పుతున్నది. (చదువుకొన్నవారి అమెరికా వలసకూ ఈ మాట వర్తిస్తుంది; పంపిన సొమ్ములో ఇప్పుడు అమెరికా వాటాయే అన్నిటికన్నా పెద్దది. దాని గురించి రాసేవారు చాలామంది ఉన్నారు.)

పోయిన నెల తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రం దగ్గర నా పాత ఖాతాదారు ఒకామె ఎదురైంది. 1990లో భర్త సంగతి అడగడానికి రోజూ వచ్చిన ఆమే. భర్త అప్పుడు క్షేమంగా తిరిగొచ్చాడు, మళ్లీ పోయాడు, తరువాత కొడుకు పోయాడు. ఊళ్లో రెండంతస్తుల మిద్దె ఉంది, అందులో ఆమె ఒక్కతే ఉంటుంది. ఈసారి మనవడిని తీసుకొచ్చింది. వాడు పది పాసయ్యాడని, అందుకని గల్ఫ్‌కు పోవడానికి ప్రభుత్వ వలస అనుమతి ముద్ర అక్కర లేదని సంతోషంగా చెప్పింది. తరువాత కొంగు చాటున మెడలోని గొలుసును తడుముకొంటూ, “నాయనా, ఇప్పుడు గ్రాముకు ఎంతిస్తాండారు?” అని అడిగింది.