సాటినోళ్లు, సాటిచ్చినోళ్లు

పొద్దుగాల చాయ్ పొయ్యి మీద పెట్టి వాకిట్లకొస్తే డప్పు సప్పుడు. మూడు దెబ్బలు కొట్టి ఆగి, గొంతెత్తిండు తాత: "ఇనుండ్రహో! రేపు పొద్దుగాల పంచాయతీ కాడ గొర్లకు, మేకలకు నట్టల మందు తాపుతరహో!" ఎవరో అరుగు మీదికెల్లి "ఎన్ని గంటలకు తాతా?" అంటే నిలవడి మల్ల చెప్పిండు. ఆటోల పోయే మైకు అట్ల ఆగదు.

అమ్మ లోపలికెల్లి అడిగింది, "ఏం సాటిస్తున్నరే?"

ఆ మాట పొద్దంత నా ఎంట పడ్డది. పుస్తకంల అయితే చాటు. నలుగురికి ఇనబడేటట్టు చెప్పుడు. చెట్టు సాటుకు నిలవడే సాటు వేరు, అది దాసుడు. మన చాటు తమిళంల సాట్రు, కన్నడంల సారు. తమిళంల ‘ట్ర’ పలికే కాడ మనకు ‘ట’ వస్తది. వాళ్ల సుట్రు మన చుట్టు, వాళ్ల పుట్రు మన పుట్ట. మాది మక్తల్ దిక్కు, కృష్ణ దాటితే రాయచూరే. వదినె అటు పిల్ల. అన్నం కాడ అడిగితే "మా దిక్కు డంగుర సారతారు" అన్నది. 1956 దాక రెండు దిక్కులు ఒక్క హైదరాబాద్ రాష్ట్రమే. ఉర్దూల ఇదే మునాది. మనం దండోర అనేది హిందీ ఢింఢోరా.

అమ్మ "సాటుతున్నరు" అనలే, "సాటిస్తున్నరు" అన్నది. నేను గూడ అట్లనే అంట. సాటిచ్చేది పంచాయతోళ్లు. ఎండల గల్లీ గల్లీ తిరిగి గొంతు పోగొట్టుకునేది తాత. మన మాటల ఆయన యాడ లేడు. పేపర్ల చూస్తే ఆటల గెలిచినోళ్లు ‘సత్తా చాటిన్రు’ అని రాస్తరు. వాళ్లకైతే ఆ మాట సూటిగ దక్కింది.

దొరల కాలంల ఈ డప్పు మాదిగలతోని వెట్టికి కొట్టించిన్రు. 1994ల మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినంక దండోర అన్నదే ఆ ఉద్యమానికి పేరయ్యింది. ఎవరో చెప్పిచ్చిన మాట కాదది. డప్పు కొట్టినోళ్లు తమ మాట తామే సాటిన్రు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తది.

పొద్దుమీకి తాత మా అరుగు మీద కూసున్నడు. చెంబెడు నీళ్లిచ్చిన. డప్పు ఒడిల పెట్టుకున్నడు. సిర్ర తగిలే కాడ తోలు అరిగి నున్నగ మెరుస్తున్నది. సిటికెన పుల్ల కొసకు దారం సుట్టి ఉన్నది.

"ఇయ్యాల ఎన్ని మూలల సాటినవ్ తాతా?"

"పదకొండు మూలల సాటిన బిడ్డా. కింది వాడకట్టుల రెండు సార్లు సాటిన, ఆడోళ్లంత కలుపుకు పోయిండ్రు, వచ్చినంక మల్ల పోయిన. మీ మేకను రేపు మరువకు."