ఫ్రెంచి ప్లస్‌లో ‘ఇంకా’, ‘ఇక’

పి, ఎల్, యు, ఎస్. ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ ఇవే నాలుగు అక్షరాలు. లాటిన్‌లో ఈ మాటకు ‘ఎక్కువ’ అని అర్థం. ఇంగ్లీషు దీన్ని లెక్కల మాటగా లాటిన్ నుంచి నేరుగా తెచ్చుకుంది. ఫ్రెంచికి మాత్రం ఇది వంశపారంపర్యంగా వచ్చింది, అది లేకుండా రోజు గడవదు. తెలిసిన మాటే కదా అని దాటేసినవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. దీన్ని పట్టుకోవడానికి ఇంగ్లీషు కంటే తెలుగే బాగా పనికొస్తుంది.

భోజనాల దగ్గర ‘ఇంకా కావాలి’ అంటే వడ్డిస్తారు, ‘ఇక వద్దు’ అంటే ఆపుతారు. ఫ్రెంచిలో ఈ రెండింటికీ ప్లస్ ఒక్కటే. ‘జాఁ వొ ప్ల్యుస్’ అంటే ఇంకా కావాలి. చివరి ‘స్’ మింగేసి ‘జాఁ వొ ప్ల్యు’ అంటే ఇక వద్దు. పద్ధతిగా చెప్పాలంటే రెండోదానికి క్రియ ముందు ‘న’ అనే వ్యతిరేక పదం ఉండాలి. మాటల్లో అది తరచుగా జారిపోతుంది కాబట్టి భారమంతా ‘స్’ మీదే పడుతుంది. ‘అంతకు మించి కాదు’ అన్న అర్థమే క్రమంగా ‘ఇక లేదు’ అయింది. (ఇందులోని అచ్చు మనకు లేదు. నాలుకను ‘ఈ’ దగ్గరే ఉంచి, పెదవులను ‘ఊ’కి చుట్టినట్టు చుట్టండి.)

‘ఇక’తో సామ్యం ఇంకా లోతుగా ఉంది. ‘ఇల్ న రెస్త్ ప్ల్యు క త్ర్వా జూర్’ అనే వాక్యాన్ని ఇంగ్లీషులోంచి విడదీయబోతే తల తిరుగుతుంది. తెలుగులో అది ‘ఇక మూడు రోజులే మిగిలాయి’. ‘ప్ల్యు’ మన ‘ఇక’, ‘క’ మన ‘ఏ’కారం. అంతే.

ఉచ్చారణ సంగతి. వ్యతిరేకార్థంలో ‘స్’ పలకకూడదు. పోలికలో విశేషణం ముందు కూడా పలకరు: ‘ప్ల్యు గ్రాఁ’, అంటే మరింత పెద్ద. ఆ విశేషణం అచ్చుతో మొదలైతే ‘జ్’ వచ్చి అతుక్కుంటుంది: ‘ప్ల్యుజాజే’, అంటే వయసులో పెద్ద. ‘ఎక్కువ’ అనే అర్థంలో వాక్యం చివర వచ్చినా, కూడికలో వచ్చినా ‘స్’ వినిపించాలి. ‘తర్వాత కలుద్దాం’ అనే ‘ఆ ప్ల్యు తార్’లో ‘స్’ లేదు, దాన్నే కుదించి ‘ఆ ప్ల్యుస్’ అంటే ఉంది, ఎందుకంటే ఇప్పుడు ఆ మాట చివరికి వచ్చింది. మెసేజ్‌లలో దీన్ని ‘ఎ’ పక్కన కూడిక గుర్తు పెట్టి రాస్తారు. మార్కుల గ్రేడు అనుకోవద్దు.

డిక్టేషన్‌లో అసలు ప్రమాదం మాటల్లో ‘మేము’, ‘మనం’ అనడానికి వాడే ‘ఓఁ’ అనే సర్వనామంతో వస్తుంది. ‘ఓఁ’ తర్వాత అచ్చు వస్తే మధ్యలో ‘న్’ దానంతటదే పుడుతుంది. కాబట్టి ‘మాకు ఎక్కువ ఉంది’, ‘మాకు ఇక లేదు’ రెండూ ‘ఓఁ నా’ అనే మొదలవుతాయి. చెవికి దొరికే ఆధారం చివరి ‘స్’ ఒక్కటే. అది వినపడకపోతే రాతలో వ్యతిరేక పదం చేర్చడం మరవకండి.

ఎక్కువగా దొర్లే తప్పులు మరికొన్ని. ‘న… ప్ల్యు’ మధ్యలో ‘పా’ అనే మరో వ్యతిరేక పదం చేర్చితే అర్థం మారిపోతుంది: ‘ఇక సిగరెట్ తాగను’ కాస్తా ‘ఇంతకంటే ఎక్కువ తాగను’ అవుతుంది. ‘ఎక్కువ’ అనే అర్థంలో సంఖ్య ముందు ‘క’ కాదు, ‘ద’ రావాలి: ఇరవైకి మించి అనడానికి ‘ప్ల్యు ద వేఁ’. ఎవరికన్నా, దేనికన్నా అని పోల్చేటప్పుడే ‘క’. ‘మరింత మంచి’కి ‘ప్ల్యు బోఁ’ అనరు, దానికి ‘మెయ్యర్’ ఉంది. ‘ఎంత చదివితే అంత తెలుస్తుంది’ అనే వాక్యంలో ‘ప్ల్యు’ రెండుసార్లు వస్తుంది, ముందు ‘ల’ పెట్టకూడదు. ఇంగ్లీషు ‘ది మోర్’ అలవాటే ఆ ‘ల’ను లాక్కొస్తుంది.

ఇంగ్లీషులో ప్లస్ పని చిన్నదే. ‘ఫీజు ప్లస్ పన్ను’ కర్తగా ఉంటే క్రియ ఏకవచనంలోనే ఉండాలి, ఎందుకంటే అక్కడ ప్లస్ ‘అండ్’ కాదు, విభక్తి లాంటిది. ‘పైగా’ అనే అర్థంలో వాక్యం మొదట్లో వాడటం మాటల్లో బాగానే ఉంటుంది, దరఖాస్తుల్లో, వ్యాసాల్లో వద్దు. ‘సర్‌ప్లస్’ ఫ్రెంచి నుంచే వచ్చింది, అయితే ఫ్రెంచివాళ్లు దాన్ని ‘స్’ లేకుండా ‘స్యుర్‌ప్ల్యు’ అంటారు. ‘నాన్‌ప్లస్డ్’లో మాత్రం మన ‘ఇక’ దాక్కుని ఉంది: లాటిన్ ‘నాన్ ప్లస్’, అంటే ఇక అనడానికేమీ లేక నోట మాట రాని స్థితి.

ఫ్రెంచిలో రాసేటప్పుడు చదివేవాళ్లకు ‘స్’ వినపడదు. అందుకే వ్యతిరేకంలో ‘న’ను ఎప్పుడూ వదలొద్దు. ‘ఎక్కువ’ అనే అర్థం క్రియకు చేరాల్సిన చోట అనుమానం వస్తే ప్లస్ మానేసి ‘దావాఁతాజ్’ వాడండి, దానికి వ్యతిరేకార్థం లేదు.