తియాన్ హాక్ కెంగ్ గడప దాటే ముందు

సింగపూర్‌లో పనిచేసే మనవాళ్లు ఆదివారం సెలవు దొరికితే సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని మారియమ్మ గుడికి వెళ్తుంటారు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే తెలోక్ అయ్యర్ వీధి, అందులో తియాన్ హాక్ కెంగ్ అనే చైనీయుల తావో మతపు గుడి. 1839-42 మధ్య కట్టారు. ఇప్పుడు చుట్టూ ఆఫీసు భవనాలే గానీ, అప్పట్లో గుడి ముందే సముద్రం. చైనాలోని ఫుజియాన్ నుంచి పొట్టకూటికి ఓడెక్కి వచ్చిన హొక్కియెన్లు ప్రాణాలతో ఒడ్డున పడ్డందుకు మొక్కుకున్నది ఇక్కడి సముద్రపు తల్లి మాజూకే.

చెప్పులు విప్పనక్కర్లేదు. గడప మాత్రం తొక్కకూడదు, ఎత్తుగా ఉంటుంది, దాటి అడుగెయ్యాలి. గుడికి ఎదురుగా నిలబడితే మీ కుడివైపున్న ద్వారం గుండా లోపలికెళ్లి, ఎడమవైపున్న ద్వారం గుండా బయటికి రావాలి. నడిమి ద్వారం దేవుళ్లది.

అగరుబత్తీలు మూడు వెలిగిస్తారు. మంటను నోటితో ఊదకుండా చేత్తో విసిరి ఆర్పాలి. ముందు బయటికి తిరిగి ఆకాశ దేవుడికి దణ్ణం పెట్టి, తర్వాత మాజూ వైపు తిరగాలి. రద్దీలో పుల్లలు తలకన్నా ఎత్తుగా పట్టుకోండి, లేదంటే ముందున్నవాళ్ల చొక్కా కాలుతుంది. కొబ్బరికాయ కొట్టే ఆనవాయితీ లేదు. కమలాపళ్లు జతగా పెట్టండి, నాలుగు మాత్రం వద్దు. వాళ్ల భాషలో ఆ అంకె చావు అన్న మాటలా వినిపిస్తుంది.

దేవుణ్ణి అడగడానికి నెలవంక ఆకారంలో రెండు చెక్కబిళ్లలుంటాయి. ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. ప్రశ్న మనసులో అనుకుని నేలమీద వదలాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే సరేనని. రెండూ ఉబ్బు పైకి పడితే కాదని. రెండూ చదును పైకి పడితే దేవుడు నవ్వాడని, అంటే ప్రశ్న సరిగా అడగలేదని. తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది: ఒకేసారి రెండు విషయాలు కలిపి అడుగుతారు. అవునో కాదో తేలే ఒక్క ప్రశ్నే అడగాలి.

ఇక విగ్రహాలు. తీరికగా చూడాల్సినవి ఇవే. మాజూకి అటూ ఇటూ ఇద్దరు భటులు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దూరానికి చూసేవాడు ఒకడు, గాలి మోసుకొచ్చే మాట వినేవాడు ఇంకొకడు. ఎర్రటి మొహం వాడు గువాన్ గోంగ్, దేవుడిగా కొలిచే యోధుడు. ఫుజియాన్ పనితనంలో ఇలాంటి విగ్రహాలకు కర్పూరపు చెట్టు చెక్క వాడతారు, ఆ వాసనకు పురుగు చేరదు. చెక్కడం అయ్యాక చెట్టుపాల లక్కలో ఇటుకపొడి కలిపి ముద్దచేసి, సన్నటి దారంలా పేని విగ్రహం బట్టల అంచుల్లో చుట్టి అతికిస్తారు, దాని మీద బంగారు రేకు. పచ్చి చెక్క వాడితే ఆరేకొద్దీ నెర్రె విచ్చి, దారం తెగి, రేకు లేస్తుంది. వీపులో చిన్న తొర్ర చేసి అయిదు రంగుల దారాలు, ధాన్యం లాంటివి పెట్టి మూస్తారు. ఆఖరున కుంచెతో కళ్లకు ఎర్ర చుక్క పెడతారు. మన నేత్రోన్మీలనమే అనుకోండి. ఆ తంతు కానంతవరకూ విగ్రహం బొమ్మే.

ఒక్కసారి మెడ ఎత్తి దూలాల కింద చూడండి. భారం మోస్తున్నట్టు భారతీయుల చెక్కబొమ్మలు కనిపిస్తాయి. గుడి కట్టిన కాలంలో భారతీయులు పడ్డ కష్టానికి అది గుర్తు అంటారు. ఎత్తున ఉంటాయి, కాస్త వెలుతురుండగానే వెళ్లండి. సాయంత్రం అయిదున్నరకి తలుపులు మూసేస్తారు.